పాఠకుల ప్రశ్నలు: పిల్లలతో విశాఖ, అరకు

సంక్రాంతి సెలవులకు పిల్లలను విశాఖపట్నం, అరకు వైపు తీసుకువెళ్లాలని ఉందంటూ ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నలుగురికీ పనికివచ్చే ఐదింటిని ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. కొందరు పేర్లు వేయవద్దని కోరినందువల్ల అందరి ఊళ్లు మాత్రమే వేశాము.

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల అబ్బాయి, ఐదేళ్ల అమ్మాయి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆమెకు 68 ఏళ్లు. చేతిలో నాలుగు రోజులు ఉన్నాయి. తెలిసినవాళ్లను అడిగి రాసుకుంటే చూడవలసిన చోట్లు పద్దెనిమిది తేలాయి. ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సగానికి పైగా కొట్టేయండి. ఐదేళ్ల పిల్ల రోజుకు రెండు కొత్త చోట్లను హాయిగా చూస్తుంది. మూడో చోటికి వచ్చేసరికి ఎత్తుకోమంటుంది, నాలుగో చోట ఏడుపు మొదలుపెడుతుంది, దాంతో పొద్దుటి నుంచి చూసిన వాటి సంతోషం కూడా ఇంటిల్లిపాదికీ ఆవిరైపోతుంది. మీ అత్తగారి మోకాళ్లకు కూడా రోజుకు రెండే లెక్క.

ఏవి ఉంచుకోవాలన్న దానికి నాకు తోచే కొలత ఒకటి ఉంది. విడివిడి చోట్లు పిల్లల మనసులో త్వరగా చెదిరిపోతాయి, వాటిని కలిపే దారం ఒకటి ఉంటే నిలుస్తాయి. ఈ ప్రాంతంలో ఆ దారం గోస్తని నది. అది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కొండలో కనిపించిన సన్నని నీటిపాయనే రెండు రోజుల తరవాత సముద్రపు ఒడ్డున వెడల్పుగా చూపించి, ఇది అదేనని చెప్పగలిగే అవకాశం అన్ని ప్రయాణాల్లోనూ దొరకదు. అందుకని మీ నాలుగు రోజులనూ ఈ నది చుట్టూనే అల్లుకోమని నా సలహా.

మొదటి రోజు ప్రయాణపు బడలిక ఉంటుంది కనుక సాయంత్రం రామకృష్ణా బీచికి మాత్రం వెళ్లండి. అక్కడ ఐ.ఎన్.ఎస్. కుర్సురా అనే నిజమైన జలాంతర్గామి ఒడ్డున ప్రదర్శనశాలగా ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిన ఈ నౌక, 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి సందర్శకులను లోపలికి రానిస్తోంది. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలో 75 మంది రోజుల తరబడి బతికేవారంటే మీ అబ్బాయి మొదట నమ్మడు. ఒక గది నుంచి ఇంకొక గదికి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలోంచి ఒంగి, కాలు ఎత్తి దాటాలి. పెద్దలకు నడుము పట్టేసే ఆ ద్వారాలు పిల్లలకు సరిగ్గా సరిపోతాయి, అక్కడ వాళ్లే మనకు చెయ్యి అందిస్తారు. లోపల వివరించేవారిలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఉంటారు. వాళ్లను ప్రశ్నలు అడగమని పిల్లలను ప్రోత్సహించండి, ఎంతో ఓపికగా చెబుతారు. మీ అత్తగారిని మాత్రం లోపలికి తీసుకువెళ్లకండి, ఆమె బయట బీచి గట్టు మీద కూర్చోవచ్చు. రోడ్డుకు అవతలి పక్కనే, 29 ఏళ్లు నౌకాదళంలో ఎగిరి 2017లో దిగిన టి.యు. 142 నిఘా విమానం ఉంది. ఒక్కొక్క ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు ఒకదాని వెనుక ఒకటి అమర్చి ఉంటాయి, అవి ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరిగేవని చెప్పి చూపించండి. జలాంతర్గామిని వెతికి పట్టడమే ఆ విమానం పని కాబట్టి దాక్కునేదీ వెతికేదీ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్నాయన్నమాట. దాగుడుమూతలు ఆడే వయసు పిల్లలకు ఇంతకన్నా విడమరచి చెప్పనక్కరలేదు. కుర్సురాకు సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి తెరుస్తారు. వేళలను ముందు రోజు ఒకసారి కనుక్కోండి.

రెండో రోజు ఉదయం రైల్లో బొర్రాకు వెళ్లండి. రైలు సంగతి కింద ఇంకొక ప్రశ్నలో వివరంగా రాశాను. బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న సున్నపురాతి గుహలు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కొద్దిగా ఆమ్లంగా మారి, సున్నపురాయిని కరిగిస్తూ దిగుతుంది. గుహ కప్పు నుంచి జారేటప్పుడు ఆ కరిగిన సున్నంలో ఇసుమంత అక్కడే వదిలి, తక్కినది నేల మీద వదులుతుంది. పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, కింద నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. అవి వెయ్యేళ్లకు కొద్ది అంగుళాలు పెరిగితే గొప్ప. మా మేనకోడలు ఆరేళ్ల వయసులో అక్కడ అరచెయ్యి చాపి నిలబడి, ఒక చుక్క పడగానే గుప్పిట మూసి, "అత్తా, ఇది ఎప్పటి వాన?" అని అడిగింది. గుహ మొత్తం చూపించాలన్న నా తొందర అక్కడితో ఆగిపోయింది. ఇద్దరమూ ఇంకో పది చుక్కలు లెక్కపెట్టి కదిలాము. మీరూ గుహలో ఒకచోట పది నిమిషాలు నిలబడండి. రంగుదీపాల వెలుగులో ఈ రాయి ఏనుగులా ఉంది, ఆ రాయి ఫలానా దేవుడిలా ఉంది అని చెప్పుకుంటూ పరుగెత్తించేవాళ్ల వెంట పడితే ఈ చుక్క దొరకదు.

గుహ ముఖద్వారం విశాలంగా ఉంటుంది, పగటి వెలుగు కొంత దూరం లోపలికి వస్తుంది. ఆ తరవాత మెట్లు చాలా ఉన్నాయి, తడిగా కూడా ఉంటాయి. మీ అత్తగారు వెలుతురున్నంత మేరకే వచ్చి ఆగిపోవడం మేలు. ఆవు ఒకటి పైనున్న రంధ్రంలోంచి పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన పశువులకాపరి లోపల శివలింగాన్ని చూశాడనీ, ఆవు పొదుగు నుంచి వచ్చింది కనుక నదికి గోస్తని అని పేరు వచ్చిందనీ అక్కడ చెప్పుకునే కథను పిల్లలకు చెప్పే పని ఆమెకు అప్పగించండి. సున్నపురాయి సంగతి మీరు చెప్పండి. పిల్లలకు రెండూ కావాలి. బయట కోతులు ఎక్కువ, చేతిలో తినుబండారాలు కనిపించకుండా చూసుకోండి.

మూడో రోజు అరకులో గిరిజన మ్యూజియం ఒక్కటి తప్పనిసరి. సంత, పెళ్లి, వేట, థింసా నృత్యం, ఇంటిపనులు నిలువెత్తు బొమ్మలుగా కనిపిస్తాయి కనుక అక్షరాలు రాని పిల్లకు కూడా చదువుకున్నట్లే ఉంటుంది. తరవాత పద్మాపురం తోటలో బొమ్మరైలు ఎక్కించి వదిలేయండి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల కూరగాయల కోసం వేసిన తోట అది. చెట్ల మీద కట్టిన గదులు చూసి మీ అబ్బాయి అక్కడే ఉండిపోతానంటే కాసేపు ఉండనివ్వండి. ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి: దారిలో కనిపించే గిరిజనులు ప్రదర్శన వస్తువులు కారు. ఫోటో తీసేముందు అడగడం, వద్దంటే నవ్వుతూ తలూపి కదలడం పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

నాలుగో రోజు విశాఖ నుంచి భీమిలి దారి పట్టండి. దారిలో తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం శిథిలాలు ఉన్నాయి. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లనే ఆ కొండకు పేరు వచ్చింది. ఇంకా ముందుకు వెళితే ఎర్రమట్టి దిబ్బలు. సముద్రపు మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉన్న కాలంలో గాలీ నీరూ కలిసి పోసిన ఎర్ర ఇసుకను వానలు కోసి లోయలు చేశాయి. వీటిని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేర్చారు. గట్ల మీదికి ఎక్కి జారితే ఆ వాలు కూలిపోతుంది, కింద దారిలోనే నడిపించండి. చివరికి భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట ఆగండి. బొర్రాలో అరచేతిలో పట్టిన చుక్కను గుర్తు చేయండి.

జంతుప్రదర్శనశాల గురించి కూడా రాశారు. 1977లో కంబాలకొండ అడవి పక్కన 625 ఎకరాల్లో ఏర్పాటైన ఇందిరాగాంధీ జూ చక్కటిదే. మీ అమ్మాయికి జంతువులంటే మరీ ఇష్టమైతే తొట్లకొండకు బదులు అక్కడికి వెళ్లండి. దానికీ సోమవారం సెలవే.

ప్రశ్న: మా ఏడేళ్ల పాపకు ఘాట్ రోడ్డు మీద వాంతులవుతాయి. అరకుకు రైలా, కారా? అద్దాల పెట్టె కోసమే వెళ్లాలా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెళ్లేటప్పుడు రైలే ఎక్కండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం ఇది. రోడ్డు శృంగవరపుకోట దాటాక మెలికలు తిరుగుతుంది కాని, రైలు మార్గంలో మలుపులు నెమ్మదిగా ఒంగుతాయి కనుక కడుపు తిప్పదు. పదులకొద్దీ సొరంగాలు వస్తాయి. పాప చేతికి కాగితం, పెన్సిల్ ఇచ్చి గీతలు గీయమనండి. ప్రతి సొరంగంలోనూ పెట్టె అంతా కేకలు పెడతారు, ఆ వయసులో అదే పెద్ద పండగ. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ కూడా ఈ దారిలోనిదే, బొర్రాలో దిగకుండా నేరుగా అరకు వెళ్లేవారికి కనిపిస్తుంది.

2017లో మొదలైన విస్టాడోమ్ పెట్టెలో అద్దాల పైకప్పు, తిరిగే కుర్చీలు ఉంటాయి. టిక్కెట్లు త్వరగా అయిపోతాయి కనుక తేదీ అనుకున్న రోజే కొనుక్కోండి. దొరకకపోతే దిగులు పడకండి. మామూలు పెట్టెలో కిటికీ గాలి ముఖాన కొడుతుంది, కొండ తడివాసన లోపలికి వస్తుంది, అద్దాల వెనుక కూర్చున్నవారికి ఆ రెండూ ఉండవు. చేతులూ తలా బయట పెట్టకుండా మాత్రం పెద్దవాళ్లెవరైనా కిటికీ పక్కనే కూర్చోవాలి.

తిరుగు ప్రయాణం రోడ్డు మీదైతే, బయలుదేరడానికి గంట ముందు ఇడ్లీ వంటి తేలికైనది కొంచెం పెట్టండి. ఖాళీ కడుపు మంచిది కాదు, నిండు కడుపూ మంచిది కాదు. పాప చూపు దూరపు కొండ మీద ఉండేలా కూర్చోబెట్టండి. ఫోన్ చూడనివ్వకండి, బొమ్మల పుస్తకం కూడా వద్దు. మాత్రలు వేయాలంటే మీ పిల్లల డాక్టరును అడిగి, పాప బరువుకు తగినవే వేయండి. గాలికొండ దగ్గర దిగి కాసేపు నిలబడితే కడుపూ కుదుటపడుతుంది, లోయ కూడా చూసినట్లుంటుంది.

ప్రశ్న: మా ఇద్దరబ్బాయిలకు నీళ్లంటే ప్రాణం. చాపరాయి, కటికి జలపాతాలు, విశాఖ బీచీలలో ఆడనివ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ఈ ప్రశ్నకు నేను మెత్తగా జవాబు చెప్పలేను. చాపరాయి దగ్గర చాప పరిచినట్లున్న వెడల్పాటి రాతి మీద వాగు జారుతూ వస్తుంది, చూడటానికి చీలమండ లోతే అనిపిస్తుంది. నాచు పట్టిన ఆ రాతి మీద ఒకసారి కాలు జారితే నీటి ఉరవడిలో లేచి నిలబడటం పెద్దవాళ్లకే కష్టం. అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. గట్టున కూర్చుని పాదాలు తడుపుకోవడం వరకు సరే. వానలు పడుతుంటే అదీ వద్దు, పైన ఎక్కడో కురిసిన వాన కింద వాగులోకి ఒక్కసారిగా వస్తుంది. కటికికి జీపులో గతుకుల దారిన వెళ్లి ఆ తరవాత నడవాలి, పదేళ్ల లోపు పిల్లలుంటే మానుకోండి.

రామకృష్ణా బీచిలో ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, వెనక్కి వెళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. అక్కడ పాదాలు తడిస్తే చాలు. నీళ్లలో ఆడి తీరాలంటే రుషికొండకు వెళ్లండి. శుభ్రమైన, భద్రమైన తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన ఆ తీరంలో కాపలా ఉండేవారు కనిపించే చోటనే, మోకాలి లోతులో, ఒక్కొక్క పిల్లవాడికి ఒక్కొక్క పెద్ద మనిషి చెయ్యి పట్టుకుని ఉండాలి. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఫోటో: సముద్రానికి వీపు పెట్టి నిలబడిన పిల్లవాడికి వచ్చే అల కనిపించదు, ఫోన్ తెర చూస్తున్న తండ్రికీ కనిపించదు. ఎవరైనా నీటిలో చిక్కుకుంటే ఈత రానివారు వెంట దూకకండి. తేలే వస్తువు ఏదైనా విసిరి, కేకవేసి కాపలావారిని పిలవండి.

ప్రశ్న: మా పదేళ్ల బాబు చక్రాల కుర్చీలో ఉంటాడు. వాడికి ఏం చూపించగలం?
— ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: కుదరనివి ముందే చెబుతాను, ఎందుకంటే గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరగడం పిల్లవాడికి చాలా బాధ. కుర్సురా లోపలి గుండ్రటి ద్వారాలు, బొర్రా మెట్లు కుదరవు. అయితే కుర్సురా మొత్తం ఒడ్డు మీదే ఉంది కనుక పక్కన కుర్చీలో ఆ పొడవంతా నడిపించవచ్చు. సముద్రం నుంచి దాన్ని అక్కడికి లాగి నిలబెట్టడానికి 18 నెలలు పట్టిందని చెప్పండి. విమానాన్ని కింద నుంచి, రెక్కల నీడలో నిలబడి చూడవచ్చు. జూలోని దారులు వెడల్పుగా, చదునుగా ఉంటాయి. కైలాసగిరి మీదికి వాహనం వెళుతుంది, పైన బాటలు వేసి ఉన్నాయి, అక్కడి నుంచి తీరం వంపు మొత్తం కనిపిస్తుంది. కొండ చుట్టూ తిరిగే బొమ్మరైలులోకి మీరు ఎత్తి కూర్చోబెట్టవలసి ఉంటుంది. అనంతగిరి దారిలో రోడ్డు పక్కనే కాఫీ తోటలు ఉంటాయి. సిల్వర్ ఓక్ చెట్లను మిరియపు తీగలు చుట్టుకుని ఉంటాయి, వాటి నీడలో చలికాలంలో ఎర్రగా పండిన కాఫీ పళ్లు బాబు చేతికి అందే ఎత్తులోనే ఉంటాయి. తోటవారిని అడిగి ఒక పండు చిదిమి లోపలి రెండు గింజలు చూపించండి. మీరు వెళ్లబోయే ప్రతిచోటికీ ఒక రోజు ముందు ఫోన్ చేసి ర్యాంపు సంగతి అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఎక్కడికి తీసుకువెళ్లినా ఫోన్‌లోంచి తల ఎత్తదు. దానికి నచ్చేది ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు కాకినాడ నుంచి వెళుతున్నారు కనుక విశాఖకు ముందే ఏటికొప్పాక వస్తుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) లభించింది. ఆ వయసు పిల్లలకు చూడటం చాలదు, ఏదైనా తయారవుతుండగా కళ్లారా కనిపించాలి. ఇక్కడ అది కనిపిస్తుంది. మెత్తటి అంకుడు కర్ర ముక్కను లేత్ మిషన్‌కు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే, రేకులు రేకులుగా చెక్క లేచి, చూస్తుండగానే నడుము, మెడ, తల ఏర్పడతాయి. ఆ తరవాత రంగు లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పాకుతుంది, మొదట మచ్చలు మచ్చలుగా ఉన్న రంగు ఒక్క క్షణంలో సమంగా పరుచుకుంటుంది. ఎండిన మొగలి ఆకు ఆనించగానే అద్దంలా మెరుపు వస్తుంది. పసుపు రంగు పసుపుకొమ్ము నుంచి, నారింజ రంగు జాఫ్రా గింజల నుంచి, నీలం నీలిమందు నుంచి తీస్తారు. ఈ సహజ రంగులను నిలబెట్టడానికి కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఆమె ఫోన్ లాక్కోకండి. ఆ ఫోన్‌తోనే, అడిగి అనుమతి తీసుకుని, ఒక బొంగరం మొదటి నుంచి చివరి దాకా తయారవడాన్ని వీడియో తీయమని చెప్పండి. ప్రయాణంలో ఒక రోజు ఎక్కడికి వెళ్లాలో, ఎంత ఖర్చు చేయాలో పూర్తిగా ఆమెకే వదిలేయండి, ఆ రోజు ఆమె ఎక్కడికి తీసుకువెళితే అక్కడికి గొణగకుండా వెళ్లండి. బొమ్మలు చేసినవారి చేతి నుంచే కొనండి, బేరమాడకండి. భోజనాల వేళ పనులు ఆగుతాయి కనుక, కాకినాడలో తెల్లవారుజామునే బయలుదేరి పొద్దున్నే ఆ ఊళ్లో ఉండేలా చూసుకోండి.